అజ్ఞాతకోణము: మంజీరాతీరమున క్షేత్రగణిత చరిత్రము

ఐదు భుజములు గల యొక క్షేత్రమున నాలుగు కోణములు వరుసగా 108, 95, 127, 110 అంశములు. ఐదవ కోణ మెంత? ఇట్టి ప్రశ్న నేఁడు ప్రతి పాఠశాలయందును వినవచ్చుచున్నది. బాలుఁడు నాలుగింటిని గూడి 440 అని తెలిసికొని, దానిని 540 నుండి తీసివేసి, శేషమైన 100 అంశములే యైదవ కోణమని చెప్పును. సమాధానము సరియైనదే. కాని 540 అను సంఖ్య యెక్కడనుండి వచ్చినదని యడిగినచోఁ బెక్కండ్రు సూత్రమును వల్లింతురే కాని హేతువును జెప్పరు. హేతువు మిక్కిలి స్వల్పము. క్షేత్రమున నొక మూలనుండి తక్కిన మూలలకుఁ గర్ణములు గీచినచోఁ బంచభుజము మూఁడు త్రిభుజములుగా విడిపోవును. ఒక్కొక్క త్రిభుజమున మూఁడు కోణముల మొత్తము రెండు సమకోణములు, అనఁగా 180 అంశములు. కావున మూఁడు త్రిభుజములకు 540 అంశములు. భుజముల సంఖ్య యెంతయైనను త్రిభుజముల సంఖ్య దానికంటె రెండు తక్కువ. లోపలికి వంగిన మూల గల క్షేత్రమునఁ గర్ణములను వేఱొక తీరున గీయవలసి వచ్చినను త్రిభుజముల సంఖ్య మాత్రము మాఱదు.

ఇంత సులభమైన యీ న్యాయము మన గణితగ్రంథములందు మొదటినుండియు నున్నదని కొందఱు తలంతురు. మన పూర్వులకుఁ గోణజ్ఞానమే లేదని మఱికొందఱందురు. రెండును దొందరపాటు మాటలే. కోణమనునది మన క్షేత్రగణితమున నెట్లుండెను, ఎట్లు దాఁగియుండెను, ఎప్పుడు సాధింపవలసిన రాశిగా బయటఁ బడెను అను విషయములను బరిశీలించినఁగాని సత్యము తెలియదు. ఈ పరిశీలనకు సంగారెడ్డి, పటాన్‌చెరువుల నడిమి సీమ మిక్కిలి యనువైన స్థలము. ఏలయన, కోణము నెఱుఁగని ప్రాచీనక్షేత్రగణితమును, కోణమే ప్రాణముగాఁ గల మహాభూమాపనమును, కోణమును యంత్రమునఁ ద్రిప్పి లోహమును దొలుచు నేఁటి కర్మశాలయు నీ మంజీరాపరిసరముననే యొండొంటి సమీపమునఁ గానవచ్చుచున్నవి.

భుజములు, కర్ణములు, లంబములు

పటాన్‌చెరువు నేఁడు యంత్రశాలలకుఁ బేరెన్నికఁ గన్నది. చరిత్రకారులు దీనినే కల్యాణిచాళుక్యుల శాసనములందలి పొట్టలకెఱె యని గుర్తించిరి. క్రీస్తుశకము 11వ శతాబ్ది పూర్వార్ధమున జగదేకమల్ల బిరుదాంకితుఁడైన రెండవ జయసింహుఁ డిచ్చటినుండి రాజ్యము చేసెను. ఇచ్చట దొరకిన జైనశిల్పములు నాఁడు జైనమతమున కీ యూరు గొప్ప స్థానమై యుండెనని చాటుచున్నవి. ఈ సీమ యంతకు ముందు మాన్యఖేటరాజధానులైన రాష్ట్రకూటుల యేలుబడిలో నుండెను. ఆ వంశమునందలి యమోఘవర్ష నృపతుంగుని కాలమున, సుమారు 850వ సంవత్సరమున, జైనుఁడైన మహావీరాచార్యుఁడు గణితసారసంగ్రహమను సంస్కృతగ్రంథమును రచించెను. ఈ గ్రంథమును 1912లో రంగాచార్యులవారు చెన్నపట్టణమున నాంగ్లానువాదముతోఁ బ్రకటించిరి. తెలుఁగువారికి దీనితోడి బాంధవ్యము మఱింత దగ్గఱిది. పావులూరి మల్లన దీనినే సారసంగ్రహగణిత మను పేరఁ దెనిఁగించెను. తెలుఁగున శాస్త్రవిషయమును బద్యములఁ జెప్పిన తొలికృతులలో నిది యొకటి.

మహావీరుని గ్రంథమున క్షేత్రగణితమునకు వేఱుగా నొక వ్యవహారమే కలదు. త్రిభుజము, చతుర్భుజము, వృత్తము, ఆయతవృత్తము మొదలగు క్షేత్రముల భేదములును, వాని ఫలమును దెలిసికొను మార్గములును అందుఁ జెప్పఁబడినవి. స్థూలఫల మొకటి, సూక్ష్మఫల మొకటియని రెండు విధములుగాఁ దెలుపుట యా గ్రంథమున నొక విశేషము. ఎదురెదురు భుజముల సగము మొత్తములను గుణించినచోఁ జతుర్భుజమునకు స్థూలఫలము వచ్చును. నాలుగు భుజముల మొత్తమున సగము నుండి యొక్కొక్క భుజమును వేఱువేఱుగఁ దీసివేసి, శేషములను గుణించి, వర్గమూలమును గొన్నచో సూక్ష్మఫలము వచ్చునని విధి. ఈ రెండవ విధిని పూర్వము బ్రహ్మగుప్తుఁడును జెప్పియుండెను. భుజము, కర్ణము, లంబము, ముఖము, భూమి యను మాట లీ ప్రకరణములం దడుగడుగునఁ గనఁబడును. కోణము నింతయని కొలిచి చెప్పు లెక్క మాత్రము కనఁబడదు.

ఇందుకుఁ గారణము జ్ఞానలోపము కాదు, ప్రయోజనభేదము. పొలమును గొలుచువానికిఁ గావలసినది వైశాల్యము. యజ్ఞవేదిని గట్టువానికిఁ గావలసినది భుజమానము, చతురస్రత. తాడును, కొలకఱ్ఱయు భుజములను గొలువఁగలవు, మూలను గొలువఁజాలవు. మూల నిలువుగా నున్నదా లేదా యని చూచుటకు భుజకోటికర్ణన్యాయమే చాలును. మూఁడు నాలుగుల కైదు కర్ణమైనచో మూల సమకోణము. కోణము నింతయని కొలుచుట మన దేశమున జ్యోతిష్కుల పని. వారు వృత్తమును 360 అంశములుగను, 21,600 కలలుగను విభజించి, ఒక్కొక్క చాపమునకు జ్యను గణించిరి. కాని వారి కోణము గ్రహగతికి సంబంధించిన చాపమేగాని పొలముమూల కాదు. ఈ రెండు శాస్త్రములును ఒకే పండితుని యింట వేఱువేఱు తాళపత్రములం దుండెను.

భాస్కరుని యాక్షేపము

ఈ రెండు దారులు దాదాపుగాఁ గలిసిన స్థల మొకటి యున్నది. 1150వ సంవత్సరప్రాంతమున భాస్కరాచార్యుఁడు లీలావతియందు, నాలుగు భుజములు మాత్రమే యిచ్చి చతుర్భుజఫలము నడుగువానిని మందలించెను. కర్ణమో లంబమో చెప్పక యడిగినవాఁడు పిశాచమని, అట్టి ప్రశ్నకు సమాధానము చెప్పఁబూనినవాఁ డంతకంటెను బిశాచమని యాతని హాస్యము. హాస్యమున వెనుక గొప్ప సత్యము కలదు. త్రిభుజమున భుజములు మూఁడును దెలిసినచో నాకృతి నిశ్చయమగును. చతుర్భుజమున నాలుగు భుజములు తెలిసినను నాకృతి నిశ్చయము కాదు. నాలుగు కఱ్ఱలను గీలులతోఁ గూర్చి మూలలను నొక్కినచో భుజములు మాఱకయే క్షేత్రము వాలిపోవును.

సమచతుర్భుజమున నొక్కొక్క భుజము 25 అనుకొనుఁడు. కర్ణములు రెండును సమములైనచోఁ ఫలము 625. అవే భుజములతోఁ గర్ణములు 30, 40 అయినచో ఫలము 600. అవే భుజములతోఁ గర్ణములు 14, 48 అయినచో ఫలము 336 మాత్రమే. భుజముల విధి మూఁడింటికిని 625 అనియే చెప్పును. కావున నా విధి వృత్తమున నిముడు చతుర్భుజములకు మాత్రమే సరిపడును; ఈ నియమమును బూర్వగ్రంథములు స్పష్టముగాఁ జెప్పకుండుటయే భాస్కరుని యాక్షేపమునకు మూలము.

ఇప్పు డీ మూఁడు క్షేత్రములను గోణదృష్టితోఁ జూడుఁడు. మొదటిదానిలోఁ బ్రతిమూలయు 90 అంశములు. రెండవదానిలో రెండు మూల లొక్కొక్కటి సుమారు 73 అంశముల 44 కలలు. తక్కిన రెండు 106 అంశముల 16 కలలు. మూఁడవదానిలో 32 అంశముల 31 కలలును, 147 అంశముల 29 కలలును. అన్నిటియందును నాలుగు కోణముల మొత్తము 360 అంశములే. మొత్తము మాఱకున్నను విభాగము మాఱినది. విభాగముతోడ ఫలము మాఱినది. భాస్కరుఁడు కర్ణమును జెప్పుమని కోరినప్పుడు వస్తుతః కోణమునే కోరెను. కర్ణమున కోణము దాఁగియున్నది. పేరు పెట్టి కొలువలేదన్న మాటయేగాని, అది లేనిచో క్షేత్రము నిలువదని యాతఁ డెఱుఁగును.

లీలావతియందే వృత్తమున నిమిడిన సమబహుభుజముల ప్రస్తావము గలదు. వ్యాసము 1,20,000 అయినచో మూఁడు మొదలు తొమ్మిది వఱకు భుజములు గల సమక్షేత్రముల భుజమానములు వరుసగా 1,03,923; 84,853; 70,534; 60,000; 52,055; 45,922; 41,031 అని యందుఁ జెప్పఁబడెను. నేఁటి గణనతో సరిచూచినచోఁ ద్రిభుజము, చతుర్భుజము, పంచభుజము, షడ్భుజము, అష్టభుజము అను నైదింటి సంఖ్యలును అత్యంతసూక్ష్మములు. సప్తభుజమునకు 52,066, నవభుజమునకు 41,042 ఉండవలసియుండఁగా నా రెంటియందు మాత్రము పదునొకటి చొప్పునఁ దక్కువ కనఁబడుచున్నది. ఈ తప్పు లూరకయే రాలేదు. మొదటి యైదింటి భుజములను వర్గమూలములతోఁ గచ్చితముగ రాఁబట్టవచ్చును. సప్తభుజ నవభుజములను గొలకఱ్ఱతోను వృత్తలేఖినితోను గచ్చితముగ గీయుట యసాధ్యము. సమబహుభుజములలో నేవి యట్లు గీయఁదగినవో 1801లో గౌసుపండితుఁడు నిరూపించెను. కానివాని యసాధ్యతను 1837లో వాంట్‌జెల్ అను ఫ్రెంచిగణితజ్ఞుఁడు స్థిరపఱచెను. భాస్కరుని పట్టికలో రెండు దోషములును సరిగా నా యసాధ్యస్థానముల యందే యుండుట చూడఁగా, ఆతని యితరసంఖ్య లెంత దృఢమైన హేతువుపై నిలిచినవో తెలియవచ్చును. పూర్వగ్రంథములను గౌరవించుట యనఁగా వానియందలి దోషములను గప్పిపుచ్చుట కాదు; ఆ దోష మెందుకు వచ్చినదో తెలిసికొనుటయే.

కోణము పేరు దాల్చుట

త్రిభుజకోణముల మొత్తము రెండు సమకోణములను సిద్ధాంతము యవనదేశీయుఁడైన యూక్లిదు గ్రంథమున మొదటి యధ్యాయమునందు 32వ ప్రతిజ్ఞ. దానిననుసరించి బహుభుజముల కోణములను గూర్చిన న్యాయమును వ్యాఖ్యాత యైన ప్రోక్లుఁడు తెలిపెను. ఈ గ్రంథ మరబ్బీభాషలోనికిఁ బోయి, నసీరుద్దీన్ తూసీ పరిష్కరణమునుండి, జయపురాధీశుఁడైన సవాయి జయసింహుని యాజ్ఞచే 18వ శతాబ్ది పూర్వార్ధమున జగన్నాథసమ్రాట్టుచే రేఖాగణిత మను పేర సంస్కృతమునకు వచ్చెను. నేఁటి తెలుఁగుపుస్తకములందలి సమకోణము, న్యూనకోణము, అధికకోణము మొదలగు పరిభాషకు సంస్కృతమున నట్టి ప్రయోగమే యాధారము.

హైదరాబాదు సంస్థానమున దారి వేఱుగా నుండెను. 1917లో ననువాదశాలయు, 1918లో నుస్మానియా విశ్వవిద్యాలయమును నెలకొల్పఁబడి, గణితము మొదలగు శాస్త్రము లుర్దూభాషలో బోధింపఁబడెను. సంస్థానము 1948లో భారతదేశమునఁ జేరువఱకు మెదకుసీమలోని తెలుఁగుబాలురు పైతరగతులలోఁ ద్రిభుజమును ముసల్లస్ అనియుఁ, గోణమును జావియా యనియుఁ, భుజమును జిలా యనియు నేర్చికొనిరి. ఇచ్చట నొక వినోదము గలదు. జిలా యను నరబ్బీమాటకుఁ బ్రక్కయెముక, పార్శ్వము అని యర్థము. క్షేత్రపు భుజమును, రాజ్యపు భాగమైన జిల్లాయు నా మాటయే. సంస్కృతులు క్షేత్రమునకు భుజములను, కర్ణమును గల్పించి నరాకృతిగఁ జూచిరి. అరబ్బులు ప్రక్కయెముకలను గల్పించిరి. సంగారెడ్డి జిల్లా యనునప్పుడు తెలుఁగువాఁడు తెలియకయే యొక బహుభుజభాగమును బేర్కొనుచున్నాఁడు.

దామరగిద్ద శిఖరము

కోణము గ్రంథమునుండి నేలపైకి దిగినది మహాభూమాపనముతోడ. కుంఫిణీవారి సేనలోని విలియం లాంబ్‌టను 1802లో చెన్నపట్టణము చెంత సెయింట్ థామస్ కొండ ప్రక్కను నొక యాధారరేఖను గొలిచి పని ప్రారంభించెను. ఆతని పద్ధతి యిది. సమనేలపై నేడెనిమిది మైళ్ల రేఖ నొకదానిని గొలుసుతోఁ బరమసూక్ష్మముగఁ గొలువవలయును. దాని రెండు కొనలనుండి దూరపు శిఖరముల వైపు కోణములను యంత్రముతోఁ బరిశీలింపవలయును. ఒక భుజమును, కోణములును దెలిసినచోఁ దక్కిన భుజములు గణితమున వచ్చును. ఆ భుజములపై మరల త్రిభుజములు, వానిపై మరల త్రిభుజములు. ఇట్లు దేశమంతయు త్రిభుజజాలమగును. పొలమును గొలుచువాఁడు భుజములను గొలిచి కోణమును విడిచెను; ఇతఁ డొక్క భుజమును గొలిచి తక్కినదంతయుఁ గోణములకే యప్పగించెను. రెండు పద్ధతులు పరస్పరవిపరీతములు.

ఆతని మహాయంత్రము లండనునఁ గేరీ యనువాఁడు చేసినది. దాని వలయము 36 అంగుళముల వ్యాసము గలది; బరువు సుమారు అరటన్ను. సముద్రమార్గమున ఫ్రెంచివారి చేతఁ బడి మారిషసు ద్వీపమునకుఁ బోయి, వారిచే మరల నంపఁబడినది. 1808లోఁ దంజావూరి దేవాలయగోపురమునకు దానిని లాగుచుండఁగాఁ ద్రాడు తెగి, యంత్రము గోడకుఁ దాఁకి వలయము వంగిపోయెను. లాంబ్‌టను పెక్కువారములు శ్రమించి దానిని స్వయముగ సరిచేసికొనెను. ఈ యంత్రమును మోయుటకు మనుష్యుల భుజములే కావలసి వచ్చెను.

లాంబ్‌టను రేఖాంశమాల కన్యాకుమారికి సమీపమునఁ గల పుణ్ణైనుండి యుత్తరముగ సాగి తెలుఁగుదేశమును బ్రవేశించెను. 1811లో గుత్తి చెంతను, 1815లో బీదరు చెంతను నాధారరేఖలు కొలువఁబడెను. ఈ బీదరురేఖకు సమీపముననే, నేఁటి సంగారెడ్డి జిల్లా వాయవ్యభాగమున, నారాయణఖేడు ప్రాంతమునందలి దామరగిద్ద యొక ముఖ్యస్థానముగ నేర్పడెను. అక్షాంశము సుమారు 18 అంశముల 3 కలలు. భూమి యాకృతిని నిర్ణయించిన మహాచాపమున నిది యొక గ్రంథి. నక్షత్రములను బట్టి యక్షాంశమును, త్రిభుజములను బట్టి దూరమును నిర్ణయించి, ఒక యంశమున కెన్ని యడుగులో లెక్కించుట యా కాలపు పరమప్రయోజనము. తరువాతి గణితజ్ఞులు దామరగిద్ద నుండి మధ్యభారతమందలి కల్యాణపురము వఱకు గల 6 అంశముల 4 కలల చాపమును భూమ్యాకృతిగణనమునఁ బ్రధానఖండముగఁ బేర్కొనిరి. 1956 వఱకు బీదరు జిల్లాలో నుండిన నారాయణఖేడు ప్రాంత మా యేఁటి రాష్ట్రవిభాగమున మెదకునకును, 2016లో సంగారెడ్డికిని జేరినది. జిల్లాల సరిహద్దులు మాఱినను త్రిభుజశీర్షము కదలలేదు.

1818లో భూమాపనశాఖ గవర్నరు జనరలు యధికారమునకు మాఱినప్పుడు మహాత్రికోణభూమాపన మను పేరు స్థిరపడెను. ఆ సంవత్సరాంతమున జార్జి యెవరెస్టు సహాయకుఁడుగ హైదరాబాదునకు వచ్చి లాంబ్‌టనును గలిసికొనెను. 1819లోఁ గృష్ణాగోదావరుల నడిమి యడవులలోఁ బని చేయుచు నాతఁడును, ఆతని పరివారమును విషజ్వరమునఁ బడిరి, కొందఱు మరణించిరి. లాంబ్‌టను 1823 జనవరిలో హింగన్‌ఘాటున మృతినొందెను. గాలి తేటపడు వర్షకాలముననే దూరపు శిఖరములు స్పష్టముగఁ గనఁబడును. జ్వరములు ప్రబలునదియు నా కాలమే. ఒక్కొక్క కోణమునకు వెల యెంతయో దీనిచేఁ దెలియఁగలదు.

మూఁడవ కోణ మేల కొలువవలయును?

ఇచ్చటనే పాఠశాల లెక్కకును, భూమాపకుని లెక్కకును గల భేదము బయలుపడుచున్నది. త్రిభుజమున రెండు కోణములు తెలిసినచో మూఁడవదానిని 180 నుండి తీసివేసి తెలిసికొనవచ్చును గదా. మఱి జ్వరపీడితమైన యడవిలోఁ మూఁడవ శిఖరము మీఁదికి నరటన్ను యంత్రమును మోయించుట యేల? సమాధానమిది. తీసివేఁతవలన వచ్చిన కోణము పరీక్షకు లోఁబడదు. మొదటి రెండింటిలో నొక యంశము తప్పున్నచో నా తప్పంతయు మూఁడవదానిలోఁ జేరి, మొత్తము మాత్రము 180గానే కనఁబడును. పై పంచభుజమున 127కు మాఱుగా 126 అని చదివినచో, బాలుఁ డైదవకోణము 101 అని నిశ్చింతగఁ జెప్పును, లెక్క సరిపోయినట్లే యుండును, క్షేత్రము తప్పిపోవును. అన్ని కోణములను గొలిచినప్పుడే మొత్తమునకును, న్యాయమునకును గల యంతరమువలన దోషము తన్నుఁ దాను చెప్పికొనును. తెలియని కోణమును న్యాయముచే సాధించుట యొకటి. తెలిసిన కోణములను న్యాయముచేఁ బరీక్షించుట మఱియొకటి. న్యాయమొక్కటే, వినియోగములు రెండు.

త్రిభుజములను విడివిడిగాఁ గాక బహుభుజములుగఁ గూర్చుటకును గారణ మిదియే. నడుమ నొక శిఖరము, చుట్టును నాఱు శిఖరములు గల షడ్భుజమును దలంపుఁడు. ఆఱు త్రిభుజములలో నొక్కొక్కదానికి నొక్కొక్క నియమము. నడిమి శిఖరము చుట్టు నాఱుకోణములు గలిసి 360 కావలయునని మఱియొక నియమము. ఒక భుజమునుండి బయలుదేఱి చుట్టును గణించి వచ్చినచో మరల నా భుజమునకు మొదటి మానమే రావలయునని వేఱొక నియమము. ఇన్ని సాక్షుల నడుమ నొక తప్పు దాఁగియుండుట కష్టము.

విశేష మింకొకటి కలదు. భూమి గోళాకారము గావున దానిపై త్రిభుజకోణముల మొత్తము సరిగా 180 కాదు, కొంచె మెక్కువ. ఆ యెక్కువ త్రిభుజవైశాల్యముననుసరించి పెరుఁగును. సుమారు 76 చదరపు మైళ్లకు, అనఁగా 197 చదరపు కిలోమీటర్లకు, ఒక వికల. ముప్పదేసి మైళ్ల భుజములు గల సమత్రిభుజమున వైశాల్యము సుమారు 390 చదరపు మైళ్లు; అధికము సుమారు 5 వికలలు. కాఁబట్టి యట్టి త్రిభుజమున మొత్తము సరిగా 180 అంశములు వచ్చినచో మాపకుఁడు సంతోషింపఁగూడదు. ఎచ్చటనో యైదు వికలలు తప్పినవని శంకింపవలయును. నల్లబల్లమీఁది సత్యము నేలమీఁద సవరణము నపేక్షించుచున్నది.

ఈ పరీక్షాబుద్ధి యెంతవఱకుఁ బోయెనో బీదరురేఖయే సాక్షి. ఎవరెస్టు 1823 తరువాత మధ్యభారతమున సిరోంజి వఱకుఁ ద్రిభుజములను గొనిపోయినను దన పూర్వపు ఫలములతోఁ దృప్తి నొందక, నూతనయంత్రములతో మరలఁ బనిచేయించెను. 1841లో బీదరురేఖ లోహదండసాధనముతోఁ బునఃప్రమాణము చేయఁబడెను. రేఖ నిడివి 41,578 అడుగులకుఁ గొంచె మెక్కువ. నాలుగువందల మైళ్లకు పైగా దూరముననున్న సిరోంజిరేఖనుండి త్రిభుజములమీఁదుగ లెక్కించి తెచ్చిన మానమునకును, నేలపైఁ గొలిచిన మానమునకును భేదము నాలుగంగుళములకుఁ గొంచె మధికము మాత్రమే. ఈ యంతటి కార్యమునఁ గళాసులు, పతాకధారులు, దీపధారులు, గణకులు పాలుపంచుకొనిరి. ఆర్కాటునకుఁ జెందిన సయ్యదు మీరు మొహసిను హుస్సేను యంత్రములను జక్కఁబఱచుటలోను, వంగదేశీయుఁడైన రాధానాథ సిక్దారు గణనమునందును బ్రసిద్ధికెక్కిరి.

టిప్పణము, గొలుసు

మహాభూమాపనము శిఖరములమీఁదుగఁ బోయెను. పొలముల కొలఁత మాత్రము పాతదారినే నడచెను. హైదరాబాదు సంస్థానమున 19వ శతాబ్ది యుత్తరార్ధమునఁ బ్రారంభమైన భూమాపనమున గొలుసు 33 అడుగులు. గొలుసు చదరము గుంట. నలువది గుంట లెకరము. మాపకుఁడు పొలము నడుమ నొక యాధారరేఖను బట్టి, శంకుసాధనముతో సమకోణమును నిలిపి, వంపు మూలలకు లంబములను గొలిచి, టిప్పణమను చిత్తుపటమున వ్రాసికొనెను. బహుభుజమైన పొలము లంబత్రిభుజములుగను, రెండు సమాంతరలంబముల నడిమి చతుర్భుజములుగను విడిపోయెను. కోణము నొక్కదానినైన నంశములలోఁ గొలువలేదు. భాస్కరుఁడు కర్ణమో లంబమో చెప్పుమని కోరినది యిదియే. సంగారెడ్డి సీమలోని రైతు చేతి టిప్పణమును మహావీరుఁడు చూచినచో సులభముగ నర్థము చేసికొని యుండును. లాంబ్‌టను పట్టికలను జూచినచో వేఱొకరిచే వివరింపించుకొనవలసి యుండును.

ఈ టిప్పణమున నొక్క లంబము చెఱిగిపోయినచో పొలము వాలిపోవును. భుజములు నాలుగును సరిగనే యున్నవని యిరుపొరుగులవారు చెప్పినను గట్టు తగవు తీఱదు. 625 గుంటలు 600 గుంట లగుటకు భుజము మాఱనక్కఱలేదని పైనఁ జూచితిమి గదా. కర్ణము నొకదానిని గొలిచినచోఁ దీఱును. శాస్త్రగ్రంథమందలి పిశాచము గట్టుమీఁదఁ గూర్చుండునది యిట్టి చోటనే.

కర్మశాలయందు

1960 ప్రాంతము తరువాతఁ బటాన్‌చెరువు, రామచంద్రపురము, పాశమైలారము నేలలలో యంత్రశాలలు వెలసినవి. 1972లో మెట్టపంటల పరిశోధనకై యంతర్జాతీయసంస్థ పటాన్‌చెరువున నేర్పడెను. 2008లో నారంభమైన హైదరాబాదు ఐఐటి సంగారెడ్డి చెంతనున్న కందిని స్థిరస్థానము చేసికొనెను. కర్మశాలయందు షడ్భుజమగు మఱను జెక్కు కార్మికుఁడు లోపలికోణము 120 అంశములను జూడఁడు. ఒక ముఖమును జెక్కి లోహమును 60 అంశములు త్రిప్పి మఱియొక ముఖమును జెక్కును. బాహ్యకోణములన్నియుఁ గలిసి యెల్లప్పుడు నొక చుట్టు, అనఁగా 360 అంశములు. భుజముల సంఖ్య పెరిగిన కొలఁదిని లోపలి కోణముల మొత్తము పెరుఁగుచున్నను, బాహ్యకోణముల మొత్తము మాత్రము మాఱదు. కార్మికుని చేయి యెఱుఁగునది యీ రెండవ న్యాయము. బాలురకు మొదట దీనినే చూపినచో మొదటి న్యాయము తనంతనే వచ్చును: ప్రతి మూలయందును లోపలికోణము, బాహ్యకోణము కలిసి 180, పంచభుజమున నైదు మూలలకు 900, అందు 360 పోఁగా 540.

విభాగయంత్రమున పిడిని నలువది చుట్లు త్రిప్పినచో లోహ మొక చుట్టు తిరుగును. షడ్భుజమునకు ముఖమునకు ముఖమునకు నడుమ నాఱు చుట్లును, మూఁడింట రెండు భాగములును. సప్తభుజమునకు నైదు చుట్లును, ఏడింట నైదు భాగములును. ఇరువదియొక రంధ్రముల వలయమునఁ బదునైదు రంధ్రములు లెక్కించినచో నది వచ్చును. భాస్కరుని పట్టికలోఁ దప్పినదియు, గౌసు నిర్ణయము ప్రకారము కొలకఱ్ఱకు లొంగనిదియు నైన సప్తభుజము, కర్మశాలలోఁ బదునైదు రంధ్రముల లెక్కతో సిద్ధమగుచున్నది. అసాధ్యమనునది సాధనము ననుసరించి చెప్పిన మాటయని దీనివలనఁ దెలియుచున్నది.

ఉపసంహారము

ఇంతవఱకుఁ జూచిన చరిత్రమువలన మూఁడు విషయములు స్థిరపడుచున్నవి. మొదటిది, మన క్షేత్రగణితము కోణమును గొలువకున్నను గర్ణలంబములరూపమునఁ దాని స్థానము నెఱిఁగియే యుండెను. ఆ యెఱుకను స్పష్టముగఁ జాటినవాఁడు భాస్కరుఁడు. రెండవది, బహుభుజకోణముల మొత్తము నేఁటి రూపమున యవనగ్రంథపరంపరనుండి సంస్కృతమునకును, ఉర్దూమార్గముననుఁ దెలుఁగుబాలురకును జేరినది. దానిని మనదిగఁ జెప్పికొనుటకుఁ బూర్వగ్రంథములపైఁ గల్పనలు మోపనక్కఱలేదు. మూఁడవది, న్యాయము తెలియని కోణమును జెప్పఁగలదు గాని కొలిచినవాని తప్పును దిద్దలేదు. దిద్దుటకు మఱియొక కొలఁత కావలయును.

పాఠశాలలోఁ బండితుఁ డైదవకోణమును సాధింపించిన తరువాత, బాలురను బయటికిఁ గొనిపోయి, నేలపై నైదు మేకులు నాటించి, ఐదు కోణములను గొలిపించి, మొత్తము 540 ఎందుకు రాలేదో వారిచేతనే చెప్పింపవలయును. మొత్తము తప్పిన యా కొలఁది యంశముల యందే దామరగిద్ద శిఖరము మీఁదికి యంత్రమును మోసినవారి శ్రమకు నర్థము బాలునికి బోధపడును.